అన్నయ్య కొలతలు

పెద్ద మాస్టరు చనిపోయిన రోజు నేను పక్క దుకాణంలోనే ఉన్నాను. మంగళవారం, ఉదయం పదకొండు దాటింది. జెరాక్సు మిషనులో కాగితం ఇరుక్కుంటే మూత తెరిచి లాగుతున్నాను. గోడ అవతల ఏదో బరువైనది పడ్డ చప్పుడైంది. బట్టల తాను జారిపడిందనుకున్నాను. ఆ తర్వాత ఒక మగగొంతు "మాస్టరుగారూ... మాస్టరుగారూ..." అని, ఇంకా మర్యాద తప్పకుండా, మెల్లగా పిలవడం వినిపించింది. వెళ్ళి చూస్తే ఒకాయన రెండు చేతులూ పక్కలకు చాచి, కొలతకు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. ఆయన మెడలో టేపు వేలాడుతోంది. కాళ్ళ దగ్గర పెద్ద మాస్టరు పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. మిషను దగ్గర ఆయన తమ్ముడు సగం లేచి, అలాగే ఆగిపోయాడు. పూర్తిగా లేవడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. చాలాసేపు పట్టినట్టు ఆయనే తర్వాత చెప్పుకునేవాడు.

నేను చెప్పబోయేది ఆ తమ్ముడి సంగతి. మేమంతా చిన్న మాస్టరు అనేవాళ్ళం.

మావి పాత భవనం మొదటి అంతస్తులో వరసగా ఉన్న దుకాణాలు. ముందు పొడవాటి వరండా, దాని చివర తాగే నీళ్ళ పీపా. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే మెట్లు దిగి భవనం చుట్టూ తిరిగి వెనక్కి పోవాలి. అన్నదమ్ములిద్దరూ ఇరవై ఆరేళ్ళు ఆ గదిలోనే కుట్టారు. అన్న కత్తిరిస్తాడు, తమ్ముడు కుడతాడు, మిగతా సమయంలో ఇద్దరూ కుడతారు. కాజాలూ గుండీలూ వేయడానికి ఒక పెద్దావిడ వచ్చేది. ఆవిడని అందరూ గుండీలక్క అనేవాళ్ళు.

పెద్ద మాస్టరు సరదా మనిషి. లావెక్కిన కస్టమరు పాత చొక్కా తెచ్చి వదులు చేయమంటే, "మీరేం పెరగలేదండీ, బట్టే భయపడి ముడుచుకుపోయింది" అనేవాడు. కత్తెర పట్టుకుంటే మాత్రం ఆయనకు లోకం పట్టేది కాదు. తమ్ముడు భోజనానికి లేవబోతే, "ఈ ఒక్క జత అయిపోనీరా" అనేవాడు. ఆ జత అయ్యేలోపు ఇంకో జత బల్లెక్కేది. పెద్ద మాస్టరు క్యారియర్లో అన్నం నాలుగింటికో అయిదింటికో తినేవాడు, అదీ నిలబడే, బట్టలకు మరకంటకుండా కిటికీ వైపు తిరిగి. నీళ్ళు తాగేవాడు కాదు. తాగితే మెట్లు దిగాల్సివస్తుందని భయం. టీలు మాత్రం ఎన్ని తాగేవాడో టీ తెచ్చేవాడికే తెలియాలి. రెండు మిషన్ల మధ్య ఉప్పు చల్లిన వేయించిన పల్లీల పొట్లం ఎప్పుడూ విప్పే ఉండేది. చూడకుండానే ఇద్దరి చేతులూ అందులోకి వెళ్ళేవి.

చనిపోయేనాటికి పెద్ద మాస్టరు వయసు యాభై ఒకటిన్నరకు రెండు నెలలు తక్కువ. తమ్ముడికి నలభై ఏడు.

అందరూ అయ్యో అన్నారు, గుండె అన్నారు, ఎవరి చేతుల్లో ఏముంది అన్నారు. పదిహేను రోజుల తర్వాత చిన్న మాస్టరు దుకాణం తెరిచి, నల్ల గుండీల కోసం సొరుగు లాగితే, వెనకాల మూలకు మాత్రల అట్ట కనిపించింది. పదిహేను మాత్రల అట్టలో మూడు గుంటలే ఖాళీ.

ఆ అట్ట సంగతి ఆయనకు ముందే తెలుసు. అన్న చనిపోవడానికి ఏడాదిన్నర ముందు, తల పగిలిపోతోందంటే తానే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బీపీ చాలా ఎక్కువగా ఉందనీ, రోజూ మాత్ర వేసుకోవాలనీ, మానకూడదనీ అక్కడ గట్టిగా చెప్పారు. మెట్లు దిగుతూ అన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ వదినకి చెప్పకురా."

"ఎందుకని?"

"చెప్తే రేపట్నించి ఉప్పు మానిపిస్తుంది, ఎల్లుండి దుకాణం మానిపిస్తుంది. నాకు తెలీదా దాని సంగతి."

"నువ్వు మాత్రలు వేసుకుంటావుగా మరి?"

"వేసుకుంటాన్లే."

మూడు రోజులు వేసుకున్నాడు. నాలుగో రోజు, "ఇది వేసుకుంటే తల తిరుగుతోందిరా, కత్తెర తిన్నగా పోవట్లేదు" అని అట్టను సొరుగులో పడేశాడు. తమ్ముడు చూశాడు. చేతిలో పని ఉంది. ఏమీ అనకుండా కుట్టుకుంటూ పోయాడు. అట్టను సొరుగులోంచి తీసి అన్న ముందు పెట్టడానికి ఆ ఏడాదిన్నరలో ఎన్ని రోజులు దొరికాయో ఆయన తర్వాత ఎన్నిసార్లు లెక్కవేసుకున్నాడో.

అన్న పోయాక చిన్న మాస్టరు ఇద్దరి పనీ తానే నెత్తిన వేసుకున్నాడు. ఉదయం ఎనిమిదికి కూర్చుంటే వీధి దీపాలు వెలిగాక కూడా మిషను ఆగేది కాదు. గోడ ఇవతల నాకు ఆ చప్పుడు అలవాటైపోయింది. మనిషి దుఃఖాన్ని పనిలో పెట్టుకున్నాడులే అనుకున్నాను. అది సగమే నిజం. పని చేస్తున్నంతసేపూ అన్న మాట్లాడడట. చేతులు ఖాళీ అయితేనే వస్తాడట. ఎదురు మిషను మీద, ఎప్పటిలా ఎడమ మోకాలు కొంచెం బయటకు పెట్టి కూర్చుంటాడట. ఇది ఆయన నాకు చెప్పింది చాలా కాలం తర్వాత.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం దుకాణంలో బీరువా సర్దుతుంటే అడుగు అరలో దారంతో కట్టిన చిన్న కట్ట దొరికింది. విప్పితే చొక్కాకి కత్తిరించిన ముక్కలు. లేత నీలం మీద సన్నటి గీతలు. వెన్ను, ముందు భాగాలు, చేతులు, కాలరు, అన్నీ ఉన్నాయి. పైన సుద్దతో అన్న రాత, ఒకే మాట: "నాది."

లోకానికంతా కుట్టిన మనిషి తన చొక్కా కుట్టుకోవడానికి తీరిక లేక దాచిపెట్టుకున్నాడు. ఇంక ఆలస్యం చేయకూడదనిపించింది తమ్ముడికి. ఆ పూటే కుట్టేశాడు. కుట్టి, కాలరు సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని ఒంటి మీద వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు.

భుజాలు సరిపోయాయి. అన్నదమ్ములు, సరిపోతాయి. చేతుల పొడవూ సరిపోయింది. కానీ పొట్ట దగ్గర గుండీలు లాగకుండా, వదులు కాకుండా, తననే నిలబెట్టి కత్తిరించినట్టు కూర్చున్నాయి. అన్నది పెద్ద బొజ్జ. తనది కాదు. తనది కాదనే ఆయన అనుకుంటున్నాడు. కొలతల పుస్తకం తీసి అన్న పేజీ తిప్పాడు. చివరిసారి రాసుకున్న నడుము నలభై మూడు. టేపు తీసి తన నడుము చుట్టూ వేసుకున్నాడు. నలభై మూడు. తన పేజీ చూస్తే మూడేళ్ళ కిందట ముప్పై ఏడున్నర.

అప్పుడే గుండీలక్క మరిచిపోయిన కళ్ళజోడు కోసం తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. వెనక నుంచి చూసి గోడ పట్టుకుంది.

"ఎవరూ..."

"నేనే అక్కా."

"తెలుసు. నువ్వేనని తెలుసు తమ్ముడూ." ఆవిడ గోడ వదల్లేదు. "ముందు ఆ చొక్కా తీసెయ్యి."

తీసేశాడు. అయినా ఆ రోజు నుంచీ ఒక్కొక్కటే కంటపడడం మొదలైంది. కస్టమర్లు తనని ఎప్పట్నించో పెద్ద మాస్టరుగారూ అనే పిలుస్తున్నారు, తాను పలుకుతూనే ఉన్నాడు. అన్నం నాలుగింటికి, కిటికీ వైపు తిరిగి, నిలబడే తింటున్నాడు. భార్య ఫోను చేసి ఎప్పుడొస్తారని అడిగితే, "ఈ ఒక్క జత అయిపోనీ" అన్నాడు. అనేశాక ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూర్చుండిపోయాడు. అన్న తన ఎదురుగా కూర్చోవడం మానేసి తన లోపలే మకాం పెట్టినట్టు అనిపించిందట.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మది చిన్న వయసు. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి, మళ్ళీ ఇంకోసారి కొట్టి చూసింది.

"మీ ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా?"

"మా అన్నయ్యకి ఉంది."

"ఆయన ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాడు," అన్నాడు చిన్న మాస్టరు.

నోటి నుంచి అలా ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. డాక్టరమ్మ రాసుకుంది. రోజుకొక మాత్ర ఇచ్చింది, ఉప్పు తగ్గించమంది, నడవమంది, నెల తర్వాత రమ్మంది.

ఆయన నెలాగలేదు. ఇంటికి వెళుతూనే బీపీ చూసుకునే మిషను ఒకటి కొన్నాడు. రోజుకు ఏడెనిమిది సార్లు చూసుకునేవాడు. అంకె ఎక్కువ కనపడితే ఇంకో మాత్ర వేసుకునేవాడు, ఎవరికీ చెప్పకుండా. ఉప్పు తగ్గించడం కాదు, పూర్తిగా మానేశాడు. ఉడికించిన కూరగాయలు రెండు పూటలా గుప్పెడు, అంతే. ఉదయం చీకటి విడవకముందే లేచి గోదాముల వెనక రోడ్డు మీద రెండు గంటలు నడిచేవాడు. నడక అనడానికి లేదు, తరుముకొస్తే పరిగెత్తినట్టు ఉండేదది. రోజూ నడుము కొలుచుకుని పుస్తకంలో రాసేవాడు.

"ఇన్నిసార్లు కొలతలు తీసుకుంటున్నారు, ఎప్పుడిస్తారేంటి డెలివరీ?" అనేది భార్య. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది. "ఏమండీ, ఇంట్లో కలిసి కూర్చుని తిని ఎన్నాళ్ళయింది? నాకు భయమేస్తోంది."

"భయపడాల్సింది నేను," అన్నాడాయన.

ఆ రోడ్డు మీద పొద్దున్నే ఎవరూ ఉండరు. ఎడమ పక్క గోదాముల పొడవాటి గోడ. నడుస్తుంటే గోడకి తగిలి వెనక నుంచి ఇంకో అడుగుల చప్పుడు వినిపించేది. మామూలు అడుగులైతే ఆయన పట్టించుకునేవాడు కాదు. కుడి చెప్పు నేలకు రాసుకుంటూ వచ్చేది. ఏళ్ళ తరబడి కుడికాలితో మిషను తొక్కీ తొక్కీ అన్న అలాగే ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఆగితే ఆ చప్పుడూ ఆగేది. వెనక్కి తిరిగితే ఖాళీ రోడ్డు. ఒక వారం తర్వాత గానీ, కుడికాలు ఈడుస్తున్నది తానేనని ఆయనకు అర్థం కాలేదు. తాను కూడా ముప్పై ఏళ్ళుగా అదే తొక్కుడు తొక్కుతున్నాడు. తెలిశాక భయం తగ్గాలి కదా. ఇంకా పెరిగింది. మరింత వేగంగా నడవడం మొదలుపెట్టాడు.

నడుము ముప్పై ఆరుకి వచ్చింది. బుగ్గలు పీక్కుపోయాయి. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. చూసినవాళ్ళు "ఏం మాస్టారూ, చిక్కారు, మంచిదే" అనేవాళ్ళు.

ఒకరోజు పక్క గదిలో మళ్ళీ అదే చప్పుడైంది. ఈసారి బట్టల తాను జారిపడిందని నేను అనుకోలేదు. చేతిలోవి పడేసి పరిగెత్తాను. బళ్ళో పాఠాలు చెప్పే ఒకావిడ జాకెట్టు గుడ్డ పట్టుకుని గోడకు అతుక్కుపోయి ఉంది. చిన్న మాస్టరు కత్తెర బల్ల కింద వెల్లకిలా పడి ఉన్నాడు. గుండీలక్క ఆయన మొహం మీద నీళ్ళు కొడుతోంది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి ముందు అడిగింది ఒకటే.

"టైమెంతయింది?"

"పదకొండూ పది," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారాయి. లేపి కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ ఈసారి కోప్పడింది. బీపీ పడిపోయిందట. తిండి లేదు, ఉప్పు లేదు, పైగా ఇష్టమొచ్చినన్ని మాత్రలు. "నేను రాసిందేంటి, మీరు చేసిందేంటి? ఎవరు చెప్పారు మీకు ఇలా చెయ్యమని?" అంది. ఆవిడ పాత కాగితం చూసింది.

"మీ అన్నగారికీ బీపీ అన్నారుగా. ఆయన ఇలాగే చేస్తారా?"

"ఆయన లేరమ్మా. రెండేళ్ళ కిందటే పోయారు. అదే గదిలో, నా కళ్ళ ముందే. మొన్న మీకు అబద్ధం చెప్పాను."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. ఎంత వయసుకని అడిగింది. చెప్పాడు. మీరు ఎంతవరకు బతకాలనుకుంటున్నారని అడిగింది.

"యాభై ఒకటీ నాలుగు నెలలు దాటితే చాలు."

"దాటాక?"

దాటాక అనేది ఒకటుంటుందని ఆయన ఎప్పుడూ ఆలోచించలేదట.

డాక్టరమ్మ ఒక చీటీ తీసి ఒక్క ముక్క రాసిచ్చింది: రోజూ ఒంటిగంటకి, కూర్చుని భోజనం. "మాత్ర పొద్దున పళ్ళు తోముకోగానే ఒకటి. అది ఎలాగూ తప్పదు. అది కాక ఈ నెలంతా ఇదొక్కటే. అందరూ తినేదే తినండి, ఉప్పు కాస్త తక్కువగా. ఆ బీపీ మిషను ఎవరికైనా ఇచ్చెయ్యండి. వచ్చే నెల వస్తే రెండోది చెప్తాను," అంది.

"నడక?"

"నేను చెప్పేదాకా వద్దు."

బీపీ మిషను గుండీలక్క తన సంచిలో దాచేసింది. వారానికోసారి, సోమవారం ఉదయం మాత్రమే బయటికి తీస్తానంది. ఆవిడ మాటంటే మాటే.

ఒంటిగంట భోజనమంటే ఎంతపని అనిపిస్తుంది వినడానికి. మొదటిరోజు షట్టరు సగం దించి, చేతులు కడుక్కుని, క్యారియర్ విప్పి కూర్చున్నాడు. ఎదురుగా అన్న మిషను. చేతులు ఖాళీగా ఉన్నాయి. కలిపిన ముద్ద మళ్ళీ గిన్నెలోనే పెట్టేశాడు. ఆ గదిలో పట్టపగలు, కింద రోడ్డు మీద బళ్ళు తిరుగుతుండగా, అన్న గొంతు స్పష్టంగా వినిపించింది. వదినకి చెప్పకురా. అదే మాట, అదే గొంతు. మూడోరోజు క్యారియర్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"మీరు ఎన్నింటికి తింటారమ్మా?"

"ఏదీ, ఆకలేసినప్పుడు," అన్నాను.

"ఒంటిగంటకి ఆకలి వేయించుకోగలరా?"

అలా ఆయనా, నేనూ, గుండీలక్కా మా దుకాణంలో జెరాక్సు మిషను పక్కన స్టూళ్ళు వేసుకుని ఒంటిగంటకి తినడం మొదలైంది. షట్టరు సగం దించి ఉంటే కస్టమర్లు వంగి తొంగిచూసి గొణుక్కునేవాళ్ళు. "అరగంటాగండి" అని గుండీలక్క లోపల్నుంచి అరిచేది. వారంలో జనానికి అలవాటైపోయింది. నాకు కూడా.

రెండో నెల డాక్టరమ్మ, గంట గంటకీ కుర్చీలోంచి లేవమంది. పనిలో పడితే గంట ఎలా గుర్తుంటుందని ఆయన అడిగాడట. మీ పనిలో దానంతటదే మాటిమాటికీ ఆగేది ఏదైనా ఉందా అని ఆవిడ తిరిగి అడిగింది. ఆలోచిస్తే ఉంది. బాబిన్‌లో దారం అయిపోతే మిషను ఆగాల్సిందే. ఇక అప్పట్నించీ బాబిన్ ఖాళీ అయితే లేవడం, వరండా చివరిదాకా నడవడం, గ్లాసుడు నీళ్ళు తాగి రావడం, ఆ తర్వాతే కొత్త దారం. నీళ్ళు తాగితే మెట్లు దిగక తప్పదు. దిగేవాడు, ఎక్కేవాడు. మూడో నెల నడకకి ఒప్పుకుంది, అరగంట, అదీ మాట్లాడుతూ నడవగలిగినంత మెల్లగా. "మాట్లాడాలంటే పక్కన మనిషి ఉండాలిగా, మీ ఆవిడని తీసుకెళ్ళండి" అందట. గోదాముల రోడ్డు మానేసి, ఇళ్ళ మధ్య వీధుల్లో భార్యాభర్తలిద్దరూ నడిచేవాళ్ళు. కూతురి చదువు గురించీ, పక్కింటి వాళ్ళ గోడ గురించీ ఆవిడ మాట్లాడుతూనే ఉండేది. చెప్పు రాసుకునే చప్పుడు ఆ మాటల కింద ఎక్కడో వినపడుతూనే ఉండేదట.

ఒళ్ళు కుదుటపడుతోంది. అంకెలు దారికొచ్చాయి. వదినకి చెప్పకురా అనే ఆ మాట మాత్రం వదల్లేదు. ఒంటిగంటకి మాతో కలిసి తింటూ తింటూ ఉన్నట్టుండి ఆయన తల పక్కకు తిప్పేవాడు. ఎవరో పిలిచినట్టు. ఏమిటంటే ఏం లేదనేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రల అట్టను జేబులో పెట్టుకుని వదిన ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ఉద్యోగాలకు పోయే తల్లుల పిల్లల్ని చూసుకునే చోట పనిచేస్తుంది. ముప్పై మంది పసివాళ్ళకు టైముకి అన్నం పెట్టి, నిద్రపుచ్చి, లేపాలి. ఆదివారం కాబట్టి ఉతికిన చిన్న చిన్న తువ్వాళ్ళు మడతపెడుతూ కూర్చుని ఉంది. ఆయన నిలబడే చెప్పాడు, మొదటినుంచీ చివరిదాకా. ఆసుపత్రి, మెట్లు, భుజం మీద చెయ్యి, సొరుగు. చెప్పి అట్టను తువ్వాళ్ళ పక్కన పెట్టాడు.

వదిన దాన్ని తిప్పి చూసింది.

"మూడేనా?"

"మూడే వదినా."

"ఏడాదిన్నర నీకు తెలుసు."

"తెలుసు."

"రోజూ నా చేతి వంట తిన్నాడు. రోజూ ఉప్పు నేనే వేశాను." ఆవిడ గొంతు పెంచలేదు. "నాకు చెప్పి ఉంటే..."

"మీరు తిట్టండి వదినా. కొట్టండి."

"తిడితే నీ బరువు దిగిపోతుంది. నేనెందుకు దింపాలి?" అంది. మళ్ళీ తువ్వాలు తీసుకుని, అంచుకి అంచు కలిపి మడిచింది. "నువ్వెళ్ళు."

అయిదు నెలలు ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. ఫోను చేస్తే ఎత్తేది కాదు. చెప్పేస్తే అన్న నోరు మూతపడుతుందని చిన్న మాస్టరు ఆశపడ్డాడు. మూతపడింది కూడా. ఇప్పుడు అన్న వచ్చి ఏమీ అనకుండా ఊరికే కూర్చునేవాడట. ఆ మౌనం ఇంకా బరువుగా ఉండేదని చెప్పాడు.

బళ్ళు తెరిచే ముందు నెల యూనిఫారాల పని వచ్చి పడింది. గుట్టలు గుట్టలు. మొదటి రోజు ఒంటిగంటకి రాలేదు. రెండోరోజు పిలిస్తే, "మీరు కానివ్వండి" అన్నాడు. బాబిన్లు ముందే డజను చుట్టి పక్కన పెట్టుకున్నాడు, లేవనక్కర్లేకుండా. నడక మానేశాడు. గుండీలక్క సోమవారం బీపీ మిషను తీస్తే, చెయ్యి ఇవ్వలేదు. పదకొండు రోజులు అలా సాగింది. మిషను చప్పుడు గోడలోంచి నా పళ్ళలోకి వచ్చేది. రెండు మిషన్లు ఆడుతున్నట్టు వినపడేది నాకే ఒక్కోసారి. ఎవరితోనూ అనలేదు.

పన్నెండో రోజు వరండాలో వదిన కనిపించింది. ఆవిడ ఆ మెట్లెక్కడం అన్న పోయాక అదే మొదలు. నాకు తల ఊపి, సగం దించని ఆ షట్టరు కింద లోపలికి వెళ్ళింది. గుండీలక్క ఫోను చేసి రప్పించిందని తర్వాత తెలిసింది. నేను గోడకు చెవి పెట్టలేదు, కానీ వినపడింది.

"టైమెంతయింది?"

"వదినా! మీరా... ఈ ఒక్క..."

"ఆ మాట నా ముందు అనకు. లే."

మిషను ఆగింది.

"నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. ఎప్పటికి పోతుందో కూడా తెలీదు," అంది వదిన. "అలాగని రెండోసారి ఇదే గదికి నన్ను పరిగెత్తుకుంటూ రానివ్వకు. నీ పెళ్ళాం ఏడుస్తుంటే పక్కన కూర్చునే ఓపిక నాకు లేదు. లేచి చేతులు కడుక్కో."

ఆయన మొహం ఎర్రబడి, చిన్నపిల్లాడిలా క్యారియర్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. వెనకాలే వదిన. నాలుగో స్టూలు లేకపోతే కాగితాల పెట్టె బోర్లించి వేశాను. నలుగురం కూర్చుని తిన్నాం. ఆ సాయంత్రమే ఆయన యూనిఫారాల్లో సగం పని అవతలి వీధి దర్జీకి పంపేశాడు. మర్నాడు పొద్దున మళ్ళీ నడక. పదకొండు రోజులు పాడయ్యాయి కదాని మొత్తం వదిలేసుకోలేదు. డాక్టరమ్మ కూడా అదే అడిగిందట, తప్పారా అని కాదు, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టారని.

వదిన అప్పట్నించీ శనివారాలు వస్తుంది. ఆ రోజు ఆవిడకు ఒంటిపూట పని. తింటుంది, వెళుతుంది. ఆయనతో అవసరమైనంతే మాట్లాడుతుంది.

ఏడాది పైచిలుకు తర్వాత ఆ రోజు వచ్చింది. యాభై ఒకటీ నాలుగు నెలలు, పైన రోజులతో సహా ఆయన ముందే లెక్కవేసి పెట్టుకున్నాడు. బుధవారం. తెల్లారితే గురువారం, అంటే అన్న బతకని రోజు. గురువారం ఉదయం దుకాణం తెరవలేదు. వరండాలోకి రెండుసార్లు వచ్చి చూశాను. పదకొండున్నరకి వచ్చాడు, మొహం కడిగినట్టుంది. పార్కు బెంచీ మీద కూర్చుని వచ్చానన్నాడు.

"ఏమనిపించింది?" అని అడిగాను.

తాళాలు చేతిలో తిప్పాడు. "ఇన్నాళ్ళూ ముందు అన్నయ్య నడిచాడమ్మా. ఏ వయసులో ఎలా ఉంటుందో ఆయన్ని చూసే తెలిసేది. ఇవాళ్టి నుంచీ ముందు ఎవరూ లేరు. ఇప్పుడు వాడే నాకంటే చిన్నవాడు. చిన్నవాణ్ణి ఏం చూసి భయపడను? జాలేస్తోంది." తర్వాత షట్టరు ఎత్తాడు.

అన్న పోలేదు. ఇప్పటికీ వస్తాడట, ఖాళీ వేళల్లో. వస్తే రానీ అంటాడు చిన్న మాస్టరు. ఆయనకు ఇప్పుడు యాభై మూడు. నడుము ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. రోజుకో మాత్ర, ఒంటిగంట భోజనం, అరగంట నడక, రాత్రి ఎనిమిదికి దీపం ఆర్పడం. పల్లీలు ఎప్పుడైనా నాలుగు తింటాడు, ఉప్పు లేనివి. పండగలకి, పెళ్ళిళ్ళకి తప్పుతాడు, మర్నాడు దారిలోకి వస్తాడు.

నిన్న ఒకాయన వచ్చి సూటు గుడ్డ బల్ల మీద పరిచాడు. శుక్రవారానికల్లా కావాలన్నాడు.

"సోమవారం ఇస్తానండీ."

"మాస్టారూ, మీరు తలచుకుంటే శుక్రవారానికి అవదా?"

"అవుతుందండీ," అన్నాడు చిన్న మాస్టరు, టేపు తీసి ఆయన భుజం మీద వేస్తూ. "సోమవారం ఇస్తాను. చెయ్యి కాస్త చాచండి."